పదకొండు సంతకాలు, ఒక తేదీ: యూనియన్ పెట్టబోయి రోడ్డున పడ్డవాళ్ల కేసు

ఇరవై ఏళ్లుగా కార్మికుల తరఫున లేబర్ కోర్టులో వాదిస్తున్నాను. ఈ కేసు ఏడెనిమిదేళ్ల కిందటిది. ఊరు పేరు చెప్పను, కంపెనీ పేరు చెప్పను, మనుషుల లెక్కలు కూడా కొద్దిగా అటూ ఇటూ చేశాను. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కేసంతా ఆ వరసలోనే ఉంది. చెప్పే చట్టాలు, సెక్షన్లు అప్పట్లో అమల్లో ఉన్నవి, తర్వాత ఏం మారిందో ఆఖర్న చెబుతాను.

నేపథ్యం

నగర శివారు పారిశ్రామికవాడలో ప్యాకింగ్ సామాను చేసే ఫ్యాక్టరీ. పర్మనెంటు కార్మికులు 210 మంది, కాంట్రాక్టు మీద ఇంకో 300 మంది. కాగితాల మీద మూడు షిఫ్టులు, లోపల నడిచేవి రెండే. అంటే మనిషికి రోజుకు పన్నెండు గంటలు. 1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ ప్రకారం ఓవర్‌టైముకు మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలి. ఇక్కడ ఓవర్‌టైము అనే మాటే జీతం చీటీలో కనిపించదు. 'ప్రొడక్షన్ ఇన్సెంటివ్' అని ఒక పద్దు ఉంటుంది, నాలుగు గంటల అదనపు పని డబ్బు అందులో పడేది, అదీ సింగిల్ రేటుకు.

దీని మీద నెలల తరబడి గొణుక్కున్నాక పదకొండు మంది కలిసి యూనియన్ పెట్టాలనుకున్నారు. ఏడుగురుంటే చాలని ఎవరో చెప్పారు, వీళ్లు నలుగుర్ని ఎక్కువే కలుపుకున్నారు. చందా రసీదుల పుస్తకం అచ్చు వేయించారు. దాన్ని గేటు దాటించే పని అందరికంటే చిన్నవాడికి అప్పగించారు. ప్రొబేషన్‌లో ఉన్న కుర్రాడు, చేరి ఏడు నెలలైంది. టిఫిన్ డబ్బా అడుగు గిన్నెలో పుస్తకం, పై గిన్నెలో పులిహోర. సెక్యూరిటీ వాళ్లు మూత తీసి చూసి వదిలేసేవారు.

నా దగ్గరికి వచ్చేసరికి

ఒక ఆదివారం పొద్దున ఏడుగురు నా గదికి వచ్చారు. మిగతా నలుగురు అప్పటికే 'ఇష్టపూర్వకంగా' తప్పుకుంటున్నామని రాసిచ్చేశారు. నాలుగు కాగితాల్లోనూ ఒకే మాటలు, ఒకే టైపు.

జరిగింది ఇది. రిజిస్ట్రేషన్ దరఖాస్తు వెళ్లింది. దరఖాస్తుదారులు నిజంగా ఆ ఫ్యాక్టరీ వాళ్లేనా అని తేల్చుకోడానికి యూనియన్ల రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి కంపెనీకి ఉత్తరం వెళ్లింది, పదకొండు పేర్లతో సహా. పద్ధతి ప్రకారం చేసే విచారణే అది, దురుద్దేశం అంటగట్టను. కానీ ఆ ఉత్తరం అందిన వారంలోపే ముగ్గుర్ని వేరే రాష్ట్రాల్లోని డిపోలకు బదిలీ చేశారు, ముగ్గుర్ని సస్పెండ్ చేశారు, కుర్రాడి ప్రొబేషన్ ముగించి పంపేశారు. ఆ వెనకే దరఖాస్తు కూడా తిరిగొచ్చింది.

ఎందుకు తిరిగొచ్చిందన్నది తెలుసుకోదగ్గ విషయం. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం ఏడుగురు చాలనే అంది, 75 ఏళ్లు అదే నడిచింది. 2001 సవరణ 2002 జనవరి 9 నుంచి అమల్లోకి వచ్చాక ఇంకో షరతు చేరింది: ఆ సంస్థ కార్మికుల్లో 10 శాతం లేదా 100 మంది, రెండిట్లో ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. కాంట్రాక్టు వాళ్లను కలిపితే ఇక్కడ 51 మంది కావాలి, కలపకపోతే 21 మంది. వీళ్లకున్నది పదకొండు. తప్పుకున్న నలుగురి వల్ల దరఖాస్తు చెడదు. దరఖాస్తుదారుల్లో సగానికి మించి తప్పుకుంటేనే చెడుతుందని 4వ సెక్షన్‌లోనే ఉంది. చెడగొట్టింది పాత లెక్క.

ఆ కాగితాలతో పాటు ఇంకొకటి తెచ్చారు. నా దగ్గరికి వచ్చే ముందే ఒక పూట గేటు ముందు కూర్చున్నారు. కంపెనీ సివిల్ కోర్టుకు వెళ్లి 200 మీటర్ల లోపు గుమిగూడకుండా ఇంజంక్షన్ తెచ్చుకుంది. ఉత్పత్తి నష్టానికి పరిహారం కూడా అడిగింది. పదకొండు పేర్లూ అందులో ప్రతివాదులు.

ఆ దావా కాగితం చదువుతుంటే నాకు 1920 నాటి మద్రాసు గుర్తొచ్చింది. 1918 ఏప్రిల్‌లో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కార్మికులతో మద్రాస్ లేబర్ యూనియన్ మొదలైంది, దానికి అధ్యక్షుడు బి.పి. వాడియా. మూడేళ్లు తిరక్కుండా మిల్లు యాజమాన్యం ఆయన మీదా ఇతర నాయకుల మీదా హైకోర్టులో దావా వేసి, కార్మికుల్ని ఒప్పందం ఉల్లంఘించేలా ప్రోత్సహించకూడదని ఇంజంక్షన్ తెచ్చింది. యూనియన్‌కు చట్టంలో ఉనికే లేని రోజులవి. ఇంగ్లండులో 1906లోనే ఇలాంటి దావాల నుంచి యూనియన్లకు రక్షణ వచ్చింది, ఇక్కడ లేదు. 1921లో కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో తీర్మానం తెచ్చారు. అయిదేళ్లకు చట్టం వచ్చింది, 1927 జూన్ 1న అమలైంది. అందులో 17వ సెక్షన్ క్రిమినల్ కుట్ర కేసు నుంచి, 18వ సెక్షన్ సివిల్ దావా నుంచి కాపాడతాయి. అయితే రెండు సెక్షన్లలోనూ 'రిజిస్టర్డ్' అనే మాట ఉంది. దరఖాస్తు తిరిగొచ్చిన నా పదకొండు మందీ 2010లలో ఉన్నా, ఆ దావా ముందు వాడియా నిలబడ్డ చోటే నిలబడి ఉన్నారు.

"రాజ్యాంగంలో హక్కు ఉంది కదా సార్" అన్నాడు కుర్రాడు. ఉంది, 19(1)(సి). సంఘం పెట్టుకునే హక్కు వరకే అది, ఆ సంఘం అనుకున్నవన్నీ సాధించుకునే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1961లోనే బ్యాంకు ఉద్యోగుల కేసులో చెప్పింది. ఆ మాట వాడికి చెప్పడానికి నోరు రాలేదు. "ఉంది, కానీ దారి చుట్టు" అన్నాను.

మొదట చేసింది, బెడిసికొట్టింది

నా మొదటి అడుగు తప్పు. అప్పుడలా ఎందుకు ఆలోచించానో చెబుతాను, ఇప్పటికీ చాలామంది అలాగే ఆలోచిస్తున్నారు కాబట్టి.

పారిశ్రామిక వివాదాల చట్టం అయిదో షెడ్యూల్లో యాజమాన్యం చేయకూడని అన్యాయపు పద్ధతుల జాబితా ఉంది. యూనియన్‌లో చేరితే తీసేస్తామని బెదిరించడం, కక్షతో తొలగించడం, కంపెనీ విధానం ముసుగులో దురుద్దేశంతో బదిలీ చేయడం. ఈ కేసును ఎదురుగా పెట్టుకుని రాసినట్టుంటుంది. 25-టి సెక్షన్ వీటిని నిషేధిస్తుంది, 25-యు శిక్ష వేస్తుంది. కాబట్టి ఫిర్యాదు అక్కడే అనుకున్నాను.

ఆ జాబితా పుట్టుక చూసినా నేను జాగ్రత్త పడాల్సింది. యూనియన్లను యాజమాన్యం తప్పనిసరిగా గుర్తించాలని, యాజమాన్యం చేయరాని పనులు ఇవి అని చెబుతూ 1947లోనే ట్రేడ్ యూనియన్ల చట్టాన్ని సవరించారు. చట్టసభ ఆమోదించింది, అమలు తేదీ మాత్రం ఎవరూ ప్రకటించలేదు. ఆ చట్టం ఉన్నన్నాళ్లూ ప్రకటించలేదు. జాబితా మళ్లీ 1982 సవరణలో కనిపించి 1984 ఆగస్టులో అమలైంది. ముప్పై ఏడేళ్లు ఆగి వచ్చినదానికి పళ్లుంటాయా? 25-యు కింద గరిష్ఠ శిక్ష ఆరు నెలల జైలు లేదా 1,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పైగా 34వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం తనంతట తాను గానీ, దాని అనుమతితో వేరొకరు గానీ ఫిర్యాదు చేస్తేనే కోర్టు తీసుకుంటుంది. కార్మికుడు నేరుగా వెళ్లడానికి లేదు. మహారాష్ట్రలో 1971 నాటి ప్రత్యేక చట్టం ఉంది, అక్కడ ఇదే ఫిర్యాదుతో సరాసరి కోర్టు మెట్లెక్కొచ్చు. మనకు లేదు.

అనుమతి కోసం మూడు నెలలు తిరిగాం. ఫైలు ఏ బల్ల మీదుందో తెలుసుకోడానికే సగం పొద్దు పోయేది. అనుమతి రాలేదు. ఈలోగా లోపల ఉన్నవాళ్లకు అర్థమైంది ఒక్కటే: సంతకం పెడితే ఉద్యోగం పోతుంది, వకీలు ఏమీ చేయలేడు.

దారి మార్చుకున్నది

ఒక రాత్రి సస్పెండైన ముగ్గురిలో పెద్దాయన జీతం చీటీలు తెచ్చి నా బల్ల మీద పరిచాడు. ఓవర్‌టైము కేసు వేరేగా వేద్దామా అని అడగడానికి వచ్చాడు. ఒక చీటీలో ఇన్సెంటివ్ 5,408 రూపాయలు. గంటకు ఎంత పడుతుందని అడిగాను. 52 అన్నాడు. 5,408ని 52తో భాగిస్తే సరిగ్గా 104. నెలకు 26 పనిరోజులు, రోజుకు నాలుగు గంటలు. ఇంకో చీటీ తీశాం, అదీ అంతే. ఎక్కడా పైసా మిగల్లేదు. ఇన్సెంటివ్ అయితే ఉత్పత్తిని బట్టి నెలనెలా మారాలి, ఇలా గంటల లెక్కకు గీటు పెట్టినట్టు రాదు.

నేను కేసును తలకిందులుగా పట్టుకున్నానని అప్పుడు తట్టింది. మేం అప్పటిదాకా పదకొండు మంది కోసం కొట్లాడుతున్నాం. ఈ చీటీ 210 మందిది. చట్టంలో అసలు కవచం 33వ సెక్షన్: వివాదం మీద కన్సిలియేషన్ (కార్మిక శాఖ అధికారి ముందు రాజీ ప్రయత్నం) నడుస్తుండగా, ఆ వివాదంతో సంబంధమున్న కార్మికుణ్ని వివాదానికి సంబంధించిన తప్పు మోపి తీసేయాలంటే ముందే రాతపూర్వక అనుమతి కావాలి. సంబంధం లేని తప్పయితే నెల జీతం చెల్లించి, ఆ అధికారి ఆమోదానికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ కవచానికి రిజిస్టర్డ్ యూనియన్ అక్కర్లేదు. తగినంతమంది కార్మికులు కలిసి అడిగితే చాలు, అది పారిశ్రామిక వివాదమే. 'రక్షిత కార్మికులు' అనే అదనపు రక్షణకు మాత్రమే యూనియన్ రిజిస్ట్రేషన్ కావాలి.

అంటే మొదట రిజిస్ట్రేషన్, ఆ తర్వాత డిమాండ్లు అని అందరూ అనుకునే వరస రక్షణ దృష్టితో చూస్తే తలకిందులు. డిమాండ్ల పత్రం ముందు వెళ్లాలి.

పత్రంలో ఏం రాయాలన్న దగ్గర గంటలకొద్దీ వాదించుకున్నాం. సస్పెన్షన్ రద్దే మొదటి డిమాండుగా ఉండాలని కుర్రకారు. నేను ఒప్పుకోలేదు. అలా రాస్తే అది 'ఆ ముగ్గురి గొడవ' అవుతుంది, లైను మీదున్నవాడు సంతకం పెట్టడు. ఓవర్‌టైము మొదట, షిఫ్టు వేళలు రెండు, సస్పెన్షన్లూ బదిలీలూ ఆఖర్న. సస్పెండైన ముగ్గురి చేతా తప్పకుండా సంతకం పెట్టించాను. సస్పెన్షన్‌లో ఉన్నా కార్మికుడే, రేపు 'వివాదంతో సంబంధమున్నవాడు' అనిపించుకోవాలంటే ఆ సంతకం ఉండాలి.

మొదటి సంతకం ఎవరిది అన్నది ఇంకో పేచీ. పైనున్నవాడే నాయకుడని కంపెనీ అనుకుంటుంది. పేర్లన్నీ అక్షర క్రమంలో టైపు చేయించి, ఎదురుగా గీత గీయించాను. 'అ'తో పేరు మొదలయ్యే ఒకాయన "మా నాన్న ఈ పేరెందుకు పెట్టాడో" అని నవ్వుతూనే పెట్టాడు. నాలుగు రోజుల్లో 137 సంతకాలు.

కాంట్రాక్టు కార్మికుల్ని పత్రంలో కలపలేదు. వాళ్ల యజమాని కాంట్రాక్టరు అని కంపెనీ మొదటి వాయిదాలోనే అడ్డు చెబుతుంది, అసలు విషయంలోకి వెళ్లనివ్వదు అని లెక్క వేశాను. లెక్క తప్పు కాదు. దాని ఖరీదు తర్వాత తెలిసింది.

ఆ తేదీ

పత్రం ఇవ్వగానే కన్సిలియేషన్ మొదలైపోయిందని చాలామంది పొరబడతారు. ప్రజోపయోగ సేవల్లో (రైల్వేలు, నీళ్లు, కరెంటు లాంటివి) అయితే సమ్మె నోటీసు అధికారికి చేరిన రోజే మొదలైనట్టు లెక్క. ఇది ఆ కోవలోది కాదు. ఇలాంటి చోట కన్సిలియేషన్ చేపట్టవచ్చు అంటుంది చట్టం, చేపట్టాలి అనదు. అధికారి చేపట్టి ఇరుపక్షాలకూ నోటీసు పంపేదాకా 33వ సెక్షన్ నిద్రలోనే ఉంటుంది.

తొమ్మిది రోజులు ఆ ఆఫీసు వరండాలో కూర్చున్నాను. తొమ్మిదో రోజు చీటీలు అధికారి ముందు పెట్టి ఆ భాగహారం ఆయన్నే చేయమన్నాను. కాలిక్యులేటర్ తీసి మూడు చీటీలు ఆయనే వేసుకున్నాడు. నాలుగోది అడిగి తీసుకున్నాడు. ఆ సాయంత్రమే నోటీసు మీద సంతకమైంది, నెల 14వ తేదీ. కంపెనీకి 17న అందింది, అందినట్టు రసీదు నకలు కూడా తీసుకున్నాను. ఆ రసీదు లేకపోతే తర్వాతి కథ లేదు.

అదే వారం రిజిస్ట్రేషన్‌కు మళ్లీ దరఖాస్తు పెట్టాం, ఈసారి 58 మంది సభ్యులతో. కాంట్రాక్టు వాళ్లను కలిపి లెక్కేసినా 51 దాటుతుంది. పేర్లు ఈసారీ కంపెనీకి వెళ్తాయని తెలుసు. పదకొండు మందిని ఏరెయ్యడం తేలిక, 58 మందిని ఏరితే లైన్లు ఆగిపోతాయి.

బదిలీల సంగతి చెప్పలేదు. స్టాండింగ్ ఆర్డర్లలో (ఫ్యాక్టరీ సర్వీసు నిబంధనల్లో) బదిలీ ఊసే లేదు, కాబట్టి వెళ్లక్కర్లేదని వాళ్లకు ఎవరో చెప్పారు. కానీ నియామక పత్రంలో బదిలీ షరతు ఉంది, అది చెల్లదని ధీమాగా చెప్పే స్థితి లేదు. వెళ్లకపోతే 'చెప్పకుండా మానేశాడు' అనే కొత్త నేరం చేతికిచ్చినట్టవుతుంది. అభ్యంతరం రాసిచ్చి చేరమన్నాను. ఇద్దరు వెళ్లారు. మూడోవాడు తల్లికి బాగోలేక ఆగిపోయాడు, అనుకున్నట్టే ఛార్జిషీటు వచ్చింది.

కంపెనీ వేసిన తప్పటడుగు

తర్వాతి నెల 6న సస్పెండైన ముగ్గుర్నీ డిస్మిస్ చేశారు. ఎంక్వయిరీ పద్ధతిగానే చేశారు. సూపర్‌వైజరును తిట్టారు, కావాలని పని నెమ్మదిగా చేశారు అని అభియోగాలు. నెల జీతం కూడా బ్యాంకులో వేశారు. ఆమోదానికి దరఖాస్తు మాత్రం పెట్టలేదు. వాళ్ల సలహాదారు దృష్టిలో కన్సిలియేషన్ అంటే ఓవర్‌టైము గొడవ, ఈ ముగ్గురిదీ క్రమశిక్షణ గొడవ.

ఇక కంపెనీకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. తప్పు వివాదానికి సంబంధించిందే అంటే ముందస్తు అనుమతి లేదు. సంబంధం లేదంటే ఆమోదం అడగలేదు. 33(2)(బి) కింద ఆమోదం తీసుకోని డిస్మిసల్ చెల్లదని, ఉద్యోగం కొనసాగుతున్నట్టే లెక్క అని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2002లో జైపూర్ సహకార భూమి అభివృద్ధి బ్యాంకు కేసులో తేల్చింది.

ఇక్కడ ఒక మెలిక. 33వ సెక్షన్ ఉల్లంఘన మీద 33-ఎ కింద ఫిర్యాదు చేస్తే లేబర్ కోర్టే తేలుస్తుందని అందరూ అనుకుంటారు. వివాదం కోర్టు ముందుంటేనే అది. కన్సిలియేషన్ అధికారి ముందుంటే, ఆయన ఆ ఫిర్యాదును రాజీ ప్రయత్నంలో దృష్టిలో ఉంచుకోవాలి, అంతే. అందుకే రెండూ చేశాను. అధికారికి ఫిర్యాదు ఇచ్చాను, 45 రోజులు ఆగి, డిస్మిసైన కార్మికుణ్ని నేరుగా కోర్టుకు వెళ్లనిచ్చే 2-ఎ(2) కింద ముగ్గురికీ లేబర్ కోర్టులో విడివిడిగా దాఖలు చేశాను. కోర్టు కాగితం అందాక కంపెనీ స్వరం మారింది. కేసు ఎన్నేళ్లు నడిస్తే అన్నేళ్ల జీతం మీద పడుతుందన్న లెక్క వాళ్లకూ వచ్చు.

ఈలోగా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వచ్చింది. కంపెనీ యూనియన్‌ను గుర్తించం అంది. గుర్తించి తీరాలనే చట్టం అప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనూ లేదు. ఉన్నది 1958 నాటి క్రమశిక్షణా నియమావళి, అది ఇష్టపడి పాటించేది. సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘం ఎన్నికలు రహస్య బ్యాలెట్‌తో జరుగుతున్నదీ ఆ నియమావళి కిందే. ప్రైవేటు ఫ్యాక్టరీలో దాన్ని ఎవరు పట్టించుకుంటారు? గుర్తింపు కోసం పట్టుబట్టొద్దన్నాను. కన్సిలియేషన్‌లో కుదిరే 12(3) ఒప్పందం మీద యూనియన్ కార్యదర్శి సంతకం ఉంటే అదే గుర్తింపు. ఆ ఒప్పందం సభ్యులకే కాదు, తర్వాత చేరబోయేవాళ్లతో సహా అందరికీ వర్తిస్తుంది.

పద్నాలుగు వాయిదాల తర్వాత సంతకాలయ్యాయి. ముగ్గురూ సర్వీసు తెగకుండా తిరిగి పనిలోకి, సగం వెనక జీతంతో. బదిలీలు, ఆ ఛార్జిషీటు రద్దు. ఓవర్‌టైము ఆ నెల నుంచి రెట్టింపు రేటు, చీటీలో ఓవర్‌టైము అనే పేరుతోనే. సివిల్ దావా వెనక్కి. పూర్తి వెనక జీతం కోసం పోరాడదామని నేను అన్నాను. పెద్దాయన ఒప్పుకోలేదు. "సార్, మీకు వాయిదా, మాకు వడ్డీ" అన్నాడు. ముగ్గురూ సగానికే ఒప్పుకున్నారు.

మిగిలిపోయినవాళ్లు

కాంట్రాక్టు వాళ్లు 300 మంది అదే లైన్ల మీద అదే పన్నెండు గంటలు సింగిల్ రేటుకే చేశారు. పర్మనెంటు వాళ్ల ఓవర్‌టైము ఖరీదయ్యాక కంపెనీ ఆ గంటల్ని మెల్లగా కాంట్రాక్టు వాళ్ల మీదికి నెట్టింది. నేను పత్రం నుంచి వాళ్లను తప్పించకపోతే ఇలా అయ్యేది కాదని చెప్పలేను. తప్పించినందుకు మాత్రం ఈ ఫలితంలో నాకూ వాటా ఉంది. కనీసం వాళ్ల ఓవర్‌టైము మీద విడిగా ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు ఆ వారమే ఫిర్యాదు పెట్టించి ఉండాల్సింది. ఏడాదిన్నర తర్వాత పెట్టించాను.

కుర్రాడికి ఏమీ రాలేదు. వాణ్ని తీసేసింది డిమాండ్ల పత్రానికి చాలా ముందు, కాబట్టి 33వ సెక్షన్ అందదు. తొలగింపు నుంచి రక్షణకు కావాల్సిన 240 రోజుల పనీ నిండలేదు. కక్ష అని నిరూపించడానికి సాక్ష్యం చెప్పాల్సినవాళ్లు ఆ నలుగురు. ఒప్పందంలో వాడి పేరు చేర్చమని ప్రతి వాయిదాలో అడిగాం, ఆఖరికి కొంత డబ్బు దగ్గర ఆగింది. మొదటి రోజే వాళ్లు ఏ వకీలు దగ్గరికైనా వెళ్లి ఉంటే, ఆ వకీలు వరస సరిగ్గా చెప్పి ఉంటే, వాడి సంతకం 'ప'ల దగ్గర ఎక్కడో 137 మందిలో ఒకటిగా ఉండేది.

2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి. 51 శాతం సభ్యులున్న యూనియన్‌తో యాజమాన్యం చర్చించి తీరాలి, ఎవరికీ అంత లేకపోతే 20 శాతం చొప్పున ఉన్నవాళ్లతో చర్చల మండలి. 1947లో రాసి అటకెక్కించిన సంగతి ఈ రూపంలో వచ్చింది. అన్యాయపు పద్ధతులకు జరిమానా 10,000 నుంచి 2 లక్షల దాకా. సమ్మెకు మాత్రం ఇప్పుడు అన్ని పరిశ్రమల్లోనూ 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, సగం మంది కలిసి సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. పాత 33వ సెక్షన్ సారం కొత్త నంబరుతో కొనసాగింది. అందుకే ఈ కేసు ఇప్పుడు రాస్తున్నాను.

కుర్రాడు ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. కుర్రాడంటే ఒప్పుకోడు, ఇద్దరు పిల్లలు. పోయిన నెల ఫోన్ చేశాడు. వాళ్ల బావమరిది పనిచేసే చోట యూనియన్ పెట్టుకోవాలనుకుంటున్నారట, ఎంతమంది కావాలి సార్ అని. ఎంతమందో తర్వాత చెబుతాను, ముందు జీతం చీటీలు పంపమను అన్నాను. ఆ రాత్రి మూడు ఫొటోలు వచ్చాయి. ఒకటి మసగ్గా ఉంది, మళ్లీ తీసి పంపమన్నాను.